టిక్కు ఓబిలేష్

ధర్మవరంలో ఊరు దాటీ దాటకముందే రోడ్డు పక్కన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉంది. దాని పేరుతో మనకు పనిలేదు. అక్కడ కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరర్లు ఏడాదికొకరు మారతారు. ఒకాయనకు బెంగళూరులో మంచి ఉద్యోగం దొరుకుతుంది, ఒకామె బిడ్డ పుట్టాక మళ్ళీ రాదు, ఇంకొకాయన సంక్రాంతి సెలవులకు వెళ్ళి ఫోన్ ఎత్తడం మానేస్తాడు. మారనివాడు ఒక్కడే, ల్యాబ్ అటెండర్ ఓబిలేష్. నలభై ఏడేళ్ళ మనిషి. పొద్దున్నే ల్యాబ్ తాళం తీసి, ఊడ్చి, ఇరవై నాలుగు కంప్యూటర్ల మీద దుమ్ము తుడిచి, ఒక్కొక్కదాన్నీ ఆన్ చేసి, చెప్పులు గుమ్మం బయట విడిచి రమ్మని పిల్లలను కసురుకోవడం అతని ఉద్యోగం. జీతం ఇచ్చేది ఇంతవరకే. కానీ ఎనిమిదేళ్ళుగా అతను చేస్తున్న అసలు పని వేరు. అది కాలేజీ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది. కంప్యూటర్‌తో పని చేయించుకోవడానికి మనిషి రాసే భాష అన్నమాట. డిగ్రీ పిల్లలందరికీ అది పాఠం. పాఠం నేర్చుకోవాలంటే ముందు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ ఎక్కించుకోవడం దగ్గరే సగం మంది పిల్లలు బోర్లా పడతారు. లెక్చరర్‌ను అడిగితే అది కూడా తెలీదా అంటాడేమోనని భయం. అందుకని ఓబిలేష్‌ను అడుగుతారు. అటెండరే కదా, ఏమీ అనుకోడు.

ఎన్ని రకాలుగా అడుగుతారంటే, వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. దీనికి దుడ్లు కట్టాలా అన్నది మొదటిది. అక్కర్లేదప్పా, ఊరికే ఇస్తారు అంటే నమ్మరు, ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని వాళ్ళ నాయన చెప్పి ఉంటాడు. డౌన్‌లోడ్ చేసి, ఆ ఫైలును కనీసం తెరవకుండా, రాలేదన్నా అంటారు. తెరిచి ఎక్కించినవాళ్ళేమో ఎక్కింది గానీ యాడికి పోయిందో కనపడలేదంటారు. నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని కన్ను మూసి తెరిచేలోగా మాయమైందని ఒక పిల్ల హడలిపోయి ల్యాప్‌టాప్ మూసేసి చున్నీలో చుట్టి తెచ్చింది. ఎక్కించాక కూడా నెట్ ఉండాలా అంటారు. కొత్త వెర్షన్ మంచిదా, పాతది మంచిదా అంటారు. ఫోన్‌లో పనిచేస్తుందా అంటారు. గుత్తి నుంచి రోజూ రైల్లో వచ్చే పిల్లవాడొకడు ఇక్కడి డెస్క్‌టాప్ మీదున్న పైథాన్ బొమ్మను, అంటే ఐకాన్‌ను మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి లాక్కుని ఇంటికి పోయి, మర్నాడు వచ్చి, మా ఇంట్లో తెరుచుకోలేదన్నా అని నిలదీశాడు. ఇంటి తాళంచెవి తీసుకుపోతే ఇల్లు వెంట రాదప్పా అని ఓబిలేష్ వాణ్ణి కూర్చోబెట్టి మొత్తం మళ్ళీ చూపించాడు.

ఎవరేమడిగినా అతని నోట మొదట వచ్చేది ఒక్కటే మాట, టిక్కు పెట్టినావా అని. పైథాన్ ఎక్కించేటప్పుడు మొట్టమొదటి పేజీ అడుగున చిన్న గడి ఒకటి ఉంటుంది. అందులో టిక్కు పెడితే, ఇకమీద ఎవరు పైథాన్ అని పిలిచినా పలకాల్సింది నేనేనని అది కంప్యూటర్‌తో చెప్పుకుంటుంది. పెట్టకపోతే లోపల ఉంటుంది గానీ పేరు పెట్టి పిలిస్తే పలకదు. పిల్లలు ఆ గడిని చూడరు, కింద ఉంటుంది కదా. నూటికి తొంభై సార్లు జబ్బు అదే. అందుకే అతనికి టిక్కు ఓబిలేష్ అని పేరు పడింది. పేరు పెట్టిన పిల్లలు పాసై పోయారు, పేరు మాత్రం నిలిచింది.

ఇదంతా అతనికి ఎవరూ నేర్పలేదు. చదివింది పదో తరగతి. చేరిన కొత్తలో ఒక లెక్చరర్ కంప్యూటర్ల దగ్గర కూర్చుని ఎక్కిస్తుంటే వెనక నిలబడి చూశాడు. మూడోదాని దగ్గర ఆయనకు ఫోన్ వచ్చి బయటికి పోయి, తిరిగి వచ్చేసరికి ఓబిలేష్ ఏడోదాని దగ్గర ఉన్నాడు. అప్పటినుంచి ఆ పని అతనిదైపోయింది. చూసి పట్టుకోవడం అతనికి కొత్త కాదు. అంతకుముందు ఇరవై ఏళ్ళు పట్టుచీరలు నేశాడు.

నేతలో కూడా అతనికి ఒక పనిలో పేరుండేది. మగ్గం మీద పొడుగునా సాగే పోగులను పడుగు అంటారు. మూడు చీరలు నేసేసరికి ఆ పడుగు అయిపోతుంది. అయిపోయినంత మాత్రాన దాన్ని మొత్తం పీకి పారేయరు. జానెడు కొసను మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కో కొత్త పోగును ఒక్కో పాత పోగు కొసకు మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. వేళ్ళకు బూడిద అద్దుకుంటూ రెండు రోజులు కూర్చుంటే ఆ పని అవుతుంది. అతికాక మెల్లగా లాగితే పాతవి పోయిన సందుల్లోంచే, అదే వరసలో, కొత్తవి వాటంతటవే నడిచొస్తాయి. కొత్తదానికి మళ్ళీ దారి చూపించనక్కర్లేదు. పొరపాటున ఎవరైనా పాత కొసను పీకేశారా, ఒక్కో పోగునూ సన్న సందుల్లోంచి మొదటినుంచి ఎక్కించాలి, వారం పోతుంది. ఓబిలేష్ చిన్నప్పుడు ఒకసారి అలా పీకి, వాళ్ళమ్మ బయమ్మ చేతిలో తిన్న దెబ్బలు ఇప్పటికీ చెప్పుకుంటాడు. మర మగ్గాలొచ్చి చేతి మగ్గానికి పని తగ్గిపోయాక అతను కాలేజీలో చేరాడు. మనిషి ల్యాబ్‌లోకి వచ్చాడు గానీ చేతులు మాత్రం మగ్గం దగ్గర నేర్చింది మరవలేదు.

పోయిన ఎండాకాలం సిలబస్ మారి, కొత్త వెర్షన్ పైథాన్ ఎక్కించమన్నారు. సెలవుల్లో ఫ్యాన్ కింద ఒక్కడే కూర్చుని ఇరవై నాలుగింటికీ ఎక్కించాడు. పాతదాన్ని తీయలేదు. ఉన్నదాన్ని పీకడానికి అతనికి చేయి రాదు. గడిలో టిక్కు కూడా పెట్టలేదు. పాతదానికి పెట్టింది ఉంది కదా, కొత్తది ఆ దారినే వస్తుందిలే అనుకున్నాడు. ఊరందరికీ టిక్కు పెట్టమని చెప్పే మనిషి అలా అనుకున్నాడంటే మీరు నవ్వొచ్చు. ఇరవై ఏళ్ళు పడుగు అతికినవాడెవడూ నవ్వడు. డెస్క్‌టాప్ మీద కొత్తదాని బొమ్మ పెట్టాడు, పిల్లలు రోజూ ఆ బొమ్మనే నొక్కి పని చేసుకున్నారు, ఏడు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు.

ఇప్పుడు హేమావతి గురించి చెప్పాలి. మడకశిర దగ్గర పల్లె ఆ పిల్లది. ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. వాళ్ళ నాయన కదిరప్పకు గొర్రెల మంద ఉంది. రెండేళ్ళుగా మోకాళ్ళు పనిచేయక ఆయన మంద వెనక నడవలేకపోతున్నాడు. మందకు మనిషిని పెట్టాలంటే ఇంట్లో ఎవరో ఒకరు జీతం తేవాలి, లేదంటే హేమావతే కర్ర పట్టుకుని మంద వెనక పోవాలి. ఆయన ఆ మాట కూతురితో కోపంగా చెప్పలేదు, బాధపడుతూ చెప్పాడు. అందుకే ఆ పిల్ల కాదనలేకపోయింది. డిగ్రీ చివరి ఏడాది. హాస్టల్లో ఉంటుంది, ల్యాప్‌టాప్ లేదు. సాయంత్రం ల్యాబ్ మూసే వేళ దాకా కూర్చుని సిలబస్‌లో లేనివి కూడా వెతికి వెతికి నేర్చుకునేది. ఓబిలేష్ ఆమె కోసం తాళం అరగంట ఆలస్యంగా వేసేవాడు. అడిగితే ఫ్యాన్లు తుడుస్తున్నానని చెప్పేవాడు.

జనవరిలో బెంగళూరు నుంచి ఒక కంపెనీ వచ్చింది. ఏడాదికొక్కసారే వస్తారు. తొంభై నిమిషాల పరీక్ష, మూడు లెక్కలు. మూడింటికీ ప్రోగ్రాం రాసి నడిపించాలి. వాళ్ళే తెచ్చిన చిన్న పరీక్ష సాధనంలో రాసి బటన్ నొక్కితే, అది పైథాన్‌ను పిలిచి, వచ్చిన జవాబు సరో కాదో చెబుతుంది. కంపెనీ ముందే పంపిన కాగితంలో కంప్యూటర్లన్నిట్లో కొత్త వెర్షనే ఉండాలని రాసుంటే, అన్నీ సిద్ధం అని ఓబిలేష్ కింద సంతకం పెట్టాడు. అబద్ధం కాదు, అతనికి తెలిసినంతవరకు అన్నీ సిద్ధమే.

పరీక్ష చూడటానికి దివాకర్ అనే ఆయన వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ఎవరూ అభ్యర్థులతో మాట్లాడకూడదని చెప్పి, గుమ్మం దగ్గర నీళ్ళ సీసాలతో నిలబడ్డ ఓబిలేష్ వైపు కూడా ఒకసారి చూశాడు. ప్రిన్సిపాల్ గంగాధర్ సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి లెక్క హేమావతి తొందరగానే ముగించింది. రెండోదానికి తాను సొంతంగా నేర్చుకున్న కొత్త పద్ధతి ఒకటి వాడింది. పాత వెర్షన్‌లో ఆ పద్ధతి లేదు, కొత్తదాంట్లోనే వచ్చింది. క్లాసులో ఎవరూ చెప్పలేదు కనుక తక్కిన ఇరవై ముగ్గురిలో ఎవరూ దాన్ని వాడలేదు. బటన్ నొక్కింది. ఎర్ర అక్షరాలతో తప్పు చూపించింది. సరిచూసుకుని మళ్ళీ నొక్కింది, మళ్ళీ ఎర్రగా వచ్చింది. ఆరుసార్లు నొక్కాక చేయెత్తింది. దివాకర్ వచ్చి వంగి చూసి, నీ రాతలోనే తప్పుందమ్మా అని మెల్లగా చెప్పి పోయాడు. ఆయన్ను అనడానికి లేదు. తెర మీద ఉన్నది అదే మరి.

ఓబిలేష్ నీళ్ళ సీసా పెట్టడానికి ఆ వరసలోకి వెళ్ళాడు. హేమావతి కళ్ళు తుడుచుకోవడం లేదు గానీ అవి నిండి ఉన్నాయి. రాసినదాన్ని కింది నుంచి ఒక్కో లైనే చెరిపేస్తోంది. అతనికి ఆ రాతలో ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ఆ ఎర్ర అక్షరాలు ఎక్కడ పడ్డాయో చూశాడు. అలాంటిది బయటివాళ్ళ ల్యాప్‌టాప్‌లలో ఎన్నోసార్లు చూశాడు. కొత్తది ఎక్కించినాన్నా, ఐనా పాతదే పలుకుతాండాది అని తెచ్చేవాళ్ళ దగ్గర. వాళ్ళకు తనేమి చెప్పేవాడో గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఫ్యాన్ కింద తనేమి చేశాడో అదీ గుర్తొచ్చింది. చేతిలో సీసా అక్కడే పెట్టేశాడు.

గుమ్మం వైపు తిరిగి నడిచాడు. అప్పటికి నలభై నిమిషాలు మిగిలి ఉన్నాయి. నోరు తెరిస్తే సంతకం పెట్టిన కాగితం ఎదురుగా నిలుస్తుంది. ప్రిన్సిపాల్ ముందు, బెంగళూరు మనిషి ముందు కాలేజీ పరువు పోతుంది. ఉన్న ఉద్యోగం పోతే ఇంట్లో భార్య నాగలక్ష్మమ్మకు ఏం చెప్పాలి? తెరవకపోతే ఏమీ కాదు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. హేమావతికి కూడా తెలియదు, ఆమె తప్పు తనదే అనుకుంటుంది, మడకశిర బస్సెక్కి పోతుంది. ఈ చివరి మాట దగ్గర ఓబిలేష్ కాళ్ళు ఆగిపోయాయి. తన తప్పును ఆ పిల్ల జీవితాంతం తనదనుకుని మోస్తుంది. దానికంటే పరువు పోవడమే నయం అనిపించింది.

గది మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఆ పాప రాసింది తప్పు కాదు. తప్పు నాది," అన్నాడు. "కొత్తది ఎక్కించినా గానీ టిక్కు పెట్టల్యా. పాతది తియ్యల్యా. మీ మిషను పిలిస్తే పాతదే పలుకుతాండాది. ఇరవై నాలుగిట్లోనూ అంతే."

గదిలో కీబోర్డులు ఆగిపోయాయి. గంగాధర్ సారు కుర్చీలోంచి లేచి, ఏమి మాట్లాడుతున్నావప్పా అన్నాడు. ఓబిలేష్ ఆయన వైపు తిరగలేదు, తిరిగితే ధైర్యం చాలదని తెలుసు. దివాకర్ హేమావతి కంప్యూటర్ దగ్గరికి పోయి రెండు మాటలు టైపు చేసి, కాసేపు తెర వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తల ఊపి, ఈయన చెప్పింది నిజమే అన్నాడు. ఫోన్ తీసుకుని బయటికి పోయి ఎవరితోనో మాట్లాడాడు. ఆ నాలుగు నిమిషాలు ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

తిరిగి వచ్చి, అన్నీ సరిచేస్తే పరీక్ష మొదటినుంచి పెడతాను గానీ నాకు మూడు గంటలకు బండి ఉంది, పావుగంట కంటే ఇవ్వలేను అన్నాడు. పాతది తీసి, కొత్తదానికి టిక్కు పెట్టాలంటే ఒక్కోదానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఇరవై నాలుగింటికి రెండు గంటలు. లెక్క ఓబిలేష్‌కు తెలుసు, అయినా మొదటి కంప్యూటర్ వైపు గబగబా నడిచాడు.

అక్కడ కూర్చున్న పిల్లవాడు అప్పటికే పని మొదలుపెట్టాడు. పాతదాన్ని తీసేసే చోటు తెరిచి ఉంచాడు. రెండోదాని దగ్గర పిల్ల కూడా అంతే. ఓబిలేష్ గదంతా చూశాడు. ఇరవై నాలుగు మందీ అదే చేస్తున్నారు. పాతది ఎక్కడికి పోయి తీయాలో, తీశాక ఏ ఫైలు నొక్కాలో, గడి ఎక్కడుంటుందో మూడేళ్ళుగా అతన్ని వేధించి వేధించి నేర్చుకున్నదే కదా. ల్యాబ్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఎనిమిదేళ్ళుగా ఓబిలేష్ ప్రాణంలా దాచుకున్నది. గొంతు సవరించుకుని అందరికీ వినబడేలా చెప్పబోయాడు, ఎవరూ తల ఎత్తలేదు. అందరికీ ముందే తెలుసట.

తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ఇంత నీట్‌గా ఎవరు నేర్పించారని దివాకర్ ప్రిన్సిపాల్‌ను అడిగాడు. గంగాధర్ సారు కొంచెం దగ్గి, మా ల్యాబ్‌లో పద్ధతి అంతేనండీ అన్నాడు. ఆ పెద్దమనిషి నోట ఓబిలేష్ పేరు రావడానికి ఏమి అడ్డొచ్చిందో ఆయనకే తెలియాలి. పరీక్ష మళ్ళీ మొదలైంది. హేమావతి చెరిపిన లైన్లన్నీ మళ్ళీ రాసి, బటన్ నొక్కి, కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి పచ్చగా ఉంది.

నాలుగింటికి దివాకర్ పంపిన, ఎంపికైనవాళ్ళ జాబితా ఆఫీసు గోడ మీద అంటించారు. నాలుగు పేర్లున్నాయి, మూడోది హేమావతిది. అదే వేళకు ఓబిలేష్‌కు మెమో ఒకటి చేతికిచ్చారు. తప్పుడు సంతకం పెట్టినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ రాసివ్వాలట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అందులో లేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ల్యాబ్‌కు వచ్చి కంప్యూటర్లు ఆపుతుండగా హేమావతి వచ్చింది. చెప్పులు బయట విడిచింది. నాయనకు ఫోన్ చేసి చెప్పానంది. ఆయన ఫోన్ పెట్టకుండా అలాగే ఉండిపోయాడట. మంచిదమ్మా అన్నాడు ఓబిలేష్. తన వల్ల ఆ పిల్ల ఏడవాల్సి వచ్చినందుకు ఏదో చెప్పబోయాడు. ఆమె అతన్ని చెప్పనివ్వలేదు.

"నేను రాసింది కరెక్టని నాకు తెలుసన్నా. ఐనా సారు తప్పు నీదే అనంగానే చెరిపేస్తాంటి," అంది. "ఒక్క మాట ఎదురడగల్య. మా ఇంట్లో అందరికీ అదే అలవాటు. వాన రాకపోయినా మాదే తప్పనుకుంటాం."

ఇన్నేళ్ళలో ఓబిలేష్ ఎంతమంది పిల్లలకు, టిక్కు పెట్టలేదు నువ్వు అని ముఖం కూడా చూడకుండా చెప్పి పంపాడో లెక్క లేదు. వాళ్ళల్లో ఎంతమంది రాసింది సరిగ్గా ఉండిందో అతనికి తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు, ఎందుకంటే వాళ్ళేమి రాశారో చదవడం అతనికి రాదు. ఆ సంగతి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మగ్గం బిగించి ఇచ్చి, జీవితంలో ఒక్క చీరా నేయని మనిషి ఎక్కడైనా ఉంటాడా?

"ఎనిమిదేండ్ల నుంచి ఎక్కిస్తాండా గానీ దాంట్లో ఒక్క లైను రాయల్యా పాపా," అన్నాడు. "రాయడం వచ్చింటే ఈ తప్పు అప్పుడే దొరికిండేది. నాకు నేర్పిస్తావా?"

హేమావతి నవ్వలేదు. ఆపిన కంప్యూటర్లలో ఒకదాన్ని మళ్ళీ ఆన్ చేసి, అతన్ని దాని ముందు కూర్చోబెట్టి, తాను పక్క కుర్చీ లాక్కుంది. ముందు ఏది రాయాల అని ఓబిలేష్ అడిగాడు. నీ పేరు రాయించన్నా దాంతో అని, ఎలా రాయాలో చెప్పింది. అతను రెండు వేళ్ళతో వెతుక్కుంటూ, నొక్కుతూ, ఆ ఒక్క లైనుకు చాలాసేపు తీసుకున్నాడు. నడిపించాడు. ఎర్రగా వచ్చింది. అతని వేలు వెంటనే చెరిపే బటన్ మీదికి పోయింది.

హేమావతి ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"చెరపొద్దన్నా. యాడ వచ్చిందో ముందు చూద్దాం."